సంచి బరువు పోగా

పడవ దిగుతుంటే అల కొట్టి
ఆస్గర్ తూకం ఉప్పునీళ్లు తాగింది.
ఇప్పుడది ఏది పెట్టినా సున్నా అంటోంది,
గడ్డిపోచకీ సున్నా, గొర్రెకీ సున్నా.
బోనులున్నాయి, ఎరకి పల్లీ ముద్ద ఉంది,
గీతలు కొట్టిన లెక్కల పుస్తకం ఉంది,
కోపెన్‌హేగన్ నుంచి ఇంత దూరం వచ్చింది దేనికో
అదొక్కటే లేదు.

ఫారో దీవుల్లో ఈ చివరి దీవికి
గ్రాములు తెలిసిన చోటు ఒక్కటే:
రేవు పక్కన, కప్పు మీద పచ్చిక మొలిచిన పోస్టాఫీసు.

సున్వోర్ కళ్లద్దాలు పైకి తోసింది.
"ఏం తూచాలి?"
"ఎలుకల్ని."
ఆవిడ నవ్వలేదు.
పఫిన్ పిట్ట స్టాంపుల పెట్టె పక్కకి జరిపి
ఇత్తడి త్రాసు ముందుకు లాగింది.
"ఇరవై దాటితే రెండో స్టాంపు పడుతుంది, మరి."

ముందు ఖాళీ సంచి. ఆరు.
తర్వాత సంచిలో ఎలుక. ముప్పై ఏడు.
సంచి పోగా ముప్పై ఒకటి.

ఊళ్లలో, మన గోడల వెనక ఎదిగిన ఎలుక
ఇరవై గ్రాములు, కాస్త అటూ ఇటూ;
కంసాలి లెక్కలో
రెండు తులాలకి ఇంకా కొంచెం తరుగు.
చిట్టెలుక అన్న మాట ఆ బరువుకి కుట్టిన చొక్కా.
ఇక్కడి వాటికి అది చంకల్లో బిగుతు.

"ఎందుకిలా?"
"పోటీకి ఇంకో ఎలుక జాతి లేదు. వేటాడేవి తక్కువ.
చలి. ఇందులో ఏదని
ఒట్టేసి చెప్పలేను," అన్నాడు ఆస్గర్.
"పాతకాలం పడవల్లో, బార్లీ బస్తాల్లో వచ్చుంటాయి."
"మేమూ పడవల్లోనే వచ్చాం," అంది సున్వోర్.
"మమ్మల్నెవరూ తూచలేదు."

ఉత్తరం పెడితే ముల్లు వెళ్లి ఆగుతుంది.
ఎలుకని పెడితే ఆగదు.
గుడ్డ సంచిలో ఆ ఊపిరి
ముల్లుని పట్టుకుని ఊపుతూనే ఉంటుంది,
ముప్పై, ముప్పై రెండు, ముప్పై.
ముప్పై ఏళ్ల ఉద్యోగంలో
వణుకు మధ్యలో అంకె చదవడం
ఆవిడకి ఆ వారమే వచ్చింది.

మూడో రోజు, పంతొమ్మిదో ఎలుక:
సంచి పోగా నలభై నాలుగు.
ఆస్గర్ పొట్ట మీది బొచ్చు మెల్లగా ఊది చూశాడు,
అంకె రాసి, దాని చుట్టూ సున్నా చుట్టాడు.
"కడుపుతో ఉంది. ఇది సగటులోకి రాదు."

ఒక కవరు. లోపల ఎన్ని ఉత్తరాలో,
ఎన్ని చిరునామాలకో.

సున్వోర్ ఏమీ అనలేదు.
చేపల ఫ్యాక్టరీలో, ఆరో నెలలో,
తననీ వరసలోంచి తీసి
కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చోబెట్టారు.
ఆ రోజు తను ఒలిచిన రొయ్యలు
ఎవరి లెక్కలోకి వెళ్లాయో
ఇప్పటికీ తెలీదు.
"ఆ సున్నా," అంది చాలాసేపటికి,
"పెన్సిలుతో చుట్టండి."

అరవై మూడు ఎలుకలు.
అన్నిటినీ పట్టిన చోటే వదిలేసి
శుక్రవారం పడవకి వెళ్లిపోయాడు.
ఆ నెల ఉత్తరాలు పదకొండు.
ఏప్రిల్‌లో పోస్టాఫీసు మూసేస్తారని
తలుపు మీద కాగితం, ఒక మూల ఊడి
గాలికి కొట్టుకుంటోంది.

సోమవారం ట్రోండుర్ వచ్చాడు,
చేతిలో కవరు, వేళ్లకి తారు,
రెండు స్టాంపులకి చిల్లర ముందే లెక్కపెట్టుకుని.
ముల్లు ఇరవై రెండు మీదికి వెళ్లి
అక్కడే ఆగిపోయింది.
సున్వోర్ వంగి చూసింది. గోటితో తట్టింది.
ఎంతకీ కదలదు.

"ఇరవై రెండు," అంది,
"సంచి బరువు పోగా పదహారు,"
ఒకే ఒక్క పఫిన్ అంటించింది.

"ఏ సంచి?" అన్నాడు ట్రోండుర్.

కిటికీ అవతల తడి గడ్డిలో
ముప్పై ఒక్క గ్రాములు
గోడ కన్నం వైపు పరిగెత్తాయి.